కోళ్ల మేతలో ఏం కలుపుతున్నాం?

(అక్షరాస్యత కేంద్రంలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)

 

ఈ రోజు కోళ్ల గురించి మాట్లాడుకుందాం. "కోళ్ల గురించి మాకు నువ్వేం చెబుతావు టీచరమ్మా? నువ్వు పుట్టకముందు నుంచీ పెంచుతున్నాం" అని వెనక కూర్చున్న పెద్దమ్మ నవ్వుతోంది. నిజమే. ఏ పెట్ట ఎప్పుడు పొదుగుతుందో, ఏ పుంజు ఎవరి పెరట్లో దూరుతుందో మీకు తెలిసినంత నాకు తెలియదు. నేను చెప్పేది వేరే సంగతి. మేతలో కలపమని బజారులో పొడులు అమ్ముతున్నారు. డబ్బాలు, ప్యాకెట్లు, సీసాలు. "ఇది కలిపితే కోడి తొందరగా ఎదుగుతుంది, కండ బాగా పడుతుంది" అంటారు. అందులో ఏది పనికొస్తుంది? ఏది దండగ? ఏది ప్రమాదం? అది చూద్దాం.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో మా అమ్మమ్మ ఇల్లు, గొడ్డూ గోదా అన్నీ పోయాయి. ఆ తరువాత చాలా రోజులు ఊళ్లో కోడికూత వినపడలేదట. ఎవరో చుట్టాలు ఇచ్చిన ఒక్క పెట్టతో అమ్మమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఆ పెట్ట సంతానమే మా అమ్మ కోళ్లు. నా టీచర్ ట్రైనింగ్ ఫీజులో సగం ఆ కోళ్లే కట్టాయి. సంక్రాంతికి పట్నాల నుంచి వచ్చేవాళ్లు నాటుకోడి కోసం ఎంతైనా ఇస్తారు కదా. మిగతా సగం ఫీజు కూడా ఆ పండక్కి కట్టేద్దాం అనుకున్నాం.

పండక్కి రెండు నెలల ముందు అమ్మ ఒక దుకాణంలో పొడి ప్యాకెట్ కొన్నది. నూటెనభై రూపాయలు. దాని మీద ఎర్ర పుంజు బొమ్మ. అమ్మకు చదువు రాదు. "ఏం రాశాడో చదివి చెప్పవే" అని నా చేతికిచ్చింది. నేను పరీక్షకు చదువుకుంటున్నాను. బొమ్మ చూశాను. "కోళ్లదేనమ్మా, మంచిదే" అన్నాను. వెనక్కి తిప్పి చూడలేదు. అమ్మ రోజూ కిలో మేతకు రెండు చెంచాలు కలిపింది. పది కోళ్లకు పూటపూటా పెట్టింది.

పుష్యమాసం రాకముందే కోళ్లకు తెగులు తగిలింది. నోరు తెరిచి ఊపిరి తీశాయి. పచ్చగా పారుకున్నాయి. రెండింటికి మెడ వంకర పోయింది. నాలుగు రోజుల్లో ఎనిమిది పోయాయి. అది కొక్కెర తెగులు. అమ్మ పెరటి వెనక గొయ్యి తీసి పూడ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తరువాత ఆ ప్యాకెట్ తిప్పి చదివాను. మూడు సంగతులు తెలిశాయి. ఒకటి, దాని గడువు అయిదు నెలల కిందటే అయిపోయింది. రెండు, అది బలం మందు కాదు. రోగం మందు. మూడు, ఎంత కలపాలో అందులో రాసే ఉంది. టన్ను మేతకు 500 గ్రాములు.

ఈ లెక్క మనం ఇప్పుడు పలక మీద వేద్దాం. టన్ను అంటే 1000 కిలోలు. 1000 కిలోలకు 500 గ్రాములు అయితే, కిలోకు ఎంత? అర గ్రాము. పెద్ద కోడి రోజుకు సుమారు 100 గ్రాములు తింటుంది. పది కోళ్లు కిలో తింటాయి. అంటే పది కోళ్లకూ కలిపి రోజుకు అర గ్రాము చాలు. అది వేళ్లతో పట్టే చిటికెడు. చిన్న చెంచా పొడి సుమారు 5 గ్రాములు. మా అమ్మ రెండు చెంచాలు వేసింది. అంటే 10 గ్రాములు. ఎన్ని రెట్లు? ఇరవై రెట్లు! ఆ ప్యాకెట్ వేల కోళ్ల షెడ్లవాళ్ల కోసం చేసింది. అది మన పెరట్లోకి వచ్చింది. లెక్క మాత్రం రాలేదు.

ఆ పొడి వల్లే కోళ్లు పోయాయని నేను అనను. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. ఏ పొడీ దాన్ని ఆపదు. టీకా ఒక్కటే ఆపుతుంది. పిల్లకు 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేయాలి. దాన్ని లసోటా అంటారు. ఎనిమిది వారాల వయసులో సూది టీకా వేయించాలి. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఊళ్లోని పశుసంవర్ధక సహాయకులను అడిగినా సరే. ఒక సీసా టీకా చాలా కోళ్లకు వస్తుంది. సీసా విప్పితే దాచుకోవడానికి పనికిరాదు. అందుకని వీధిలోవాళ్లు అందరూ ఒకే రోజు వేయించుకుంటే మంచిది. ఐసు పెట్టిన డబ్బాలోనే తేవాలి. కొంగున కట్టుకుని ఎండలో తెస్తే టీకా చచ్చిపోతుంది. మేము నూటెనభై రూపాయలు పొడికి పెట్టాం. టీకా సంగతే తలవలేదు. అదీ మా తెలివి.

సరే. ఇక మేతలో నిజంగా పనికొచ్చేవి ఏమిటి?

మన కోడి పొద్దున్నే గంప కిందనుంచి బయటకు వెళుతుంది. పురుగులు, గడ్డి, రాలిన గింజలు ఏరుకుంటుంది. సాయంత్రం మనం గుప్పెడు నూకలు చల్లుతాం. నూకల వల్ల తిరిగే శక్తి వస్తుంది. ఒళ్లు పెరగడానికి అవి చాలవు. ఒళ్లు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పులో, చేపలో, గుడ్డులో ఉండేవి అవే. మన పిల్లలకు అన్నం మాత్రమే పెట్టి పప్పు పెట్టకపోతే ఎలా ఉంటారో, నూకలు మాత్రమే తిన్న కోడిపిల్లా అలాగే ఉంటుంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఏ లోటూ లేదు. గుడివాడ వైపు రైసుమిల్లులు ఉన్నాయి. నూకలు, తవుడు దొరుకుతాయి. బందరు గిలకలదిండిలో, నాగాయలంకలో ఎండుచేప ఉంది. రొయ్య పొట్టు ఉంది. నేను నేర్చుకున్న ఒక పాళ్లు చెబుతాను, రాసుకోండి. పది కిలోల మేతకు నూకలు 5 కిలోలు, తవుడు రెండున్నర కిలోలు, వేరుశనగ చెక్క కిలోన్నర, ఎండుచేప పొడి 1 కిలో. ఎదిగే పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. పగలు బయట తిరిగే పెద్ద కోళ్లకు సాయంత్రం తలకు ఒక చిన్న గుప్పెడు పెడితే చాలు.

చేప దగ్గర మాత్రం జాగ్రత్త. ఉప్పు వేసి ఎండబెట్టిన చేప కోడికి విషమంత పని చేస్తుంది. ఎక్కువ ఉప్పు తింటే కోడి నీళ్లు తాగి తాగి, నీళ్లలా పారుకుని చస్తుంది. పిల్లలు మరీ త్వరగా పోతాయి. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపే తీసుకోండి. ఇంట్లో మిగిలిన ఉప్పుచేప తలకాయలను కోళ్ల ముందు వేసే అలవాటు మనకు ఉంది కదా, అది మానుకోవాలి. ఇంకొకటి. చేప ఎక్కువ తిన్న కోడి మాంసం నీచు కొడుతుంది. గుడ్డు కూడా కొడుతుంది. కోడిని అమ్మడానికి రెండు వారాల ముందు చేపపొడి ఆపేయండి. ఆ రోజుల్లో చెక్క కొంచెం పెంచండి. మాంసం రుచి బాగుంటుంది. కొన్నవాళ్లు మళ్లీ మీ గుమ్మానికే వస్తారు.

ఇక గుల్ల. గుడ్డు పెట్టే కోడికి సున్నం కావాలి. గుడ్డు పెంకు అంతా దాదాపు సున్నపు పదార్థమే. మేతలో అది లేకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకు పెడుతుంది. ఆ తరువాత తోలుగుడ్డు పెడుతుంది. తల్లులం, మనకు తెలియదా ఈ సంగతి! సముద్రం ఒడ్డున గుల్లలు దొరుకుతాయి. కడిగి, ఎండబెట్టి, దంచి, మట్టి మూకుడులో విడిగా పెట్టండి. ఎంత కావాలో కోడే చూసుకుంటుంది. గుడ్డు పెంకులైనా సరే, వేయించి నలిపి పెట్టవచ్చు. పచ్చి పెంకులు వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. గుల్ల గుడ్లు పెట్టే పెట్టలకే. చిన్నపిల్లలకు ఎక్కువ పెడితే వాటి మూత్రపిండాలు చెడతాయి.

మన నేల నల్లమట్టి. చేతికి రాయి దొరకదు. కోడికి పళ్లు లేవు. అది మింగిన గింజ కందనకాయలో చిన్న రాళ్ల మధ్య నలగాలి. అందుకని కృష్ణ ఒడ్డున దొరికే ముతక ఇసుక ఒక గిన్నెలో పెట్టండి. దానికి రూపాయి ఖర్చు లేదు. తిన్న మేత ఒంటికి పడుతుంది. నన్నడిగితే బజారు పొడులు సగం ఈ ఇసుక చేసే పని కూడా చేయవు.

మునగాకు, తోటకూర, అజోల్లా కూడా మంచివే. అజోల్లా నీటి మీద పెరిగే పచ్చని నాచులాంటి మొక్క. నీడలో చిన్న గుంట తీసి, పట్టా పరిచి పెంచుకోవచ్చు. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగితే చెబుతారు. పచ్చటి ఆకు తిన్న కోడి గుడ్డులో సొన పసుపుపచ్చగా ఉంటుంది. నూకలే తిన్నదాని సొన పాలిపోతుంది. రంగు ఆకులోంచే వస్తుంది, మందులోంచి రానక్కరలేదు.

పసుపు, వెల్లుల్లి కలపవచ్చా అని అడిగారు. కొంచెం కలిపితే తప్పు లేదు. టీకా మానేసి పసుపు వేస్తే మాత్రం మా అమ్మ పడ్డ బాధే మీరూ పడతారు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మన ఊళ్లలో పందెం పుంజుకు బాదం పప్పు పెడతారు, గుడ్డు పెడతారు, కీమా పెడతారు. ఒళ్లు పడతారు, నీళ్లు పోస్తారు. ఆ ఇంట్లోనే మూడో క్లాసు పిల్ల బాదం పప్పు బొమ్మలోనే చూస్తుంది. కోడిపందెం చట్టప్రకారం నేరం. అది అలా ఉంచండి. ఆ గుడ్డు ఎవరిది? పిల్లదా, పుంజుదా? ఇంటికి వెళ్లి అడగండి.

మొన్న ఒక చెల్లి భయంభయంగా అడిగింది. "బాయిలర్ కోడికి హార్మోను సూదులు వేస్తారట. అది తిని ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతున్నారట. నిజమేనా టీచర్?" అని. అది నిజం కాదు. షెడ్డులో వేలకు వేలు కోళ్లు ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రోజూ సూది పొడవడం అయ్యే పనేనా? మేతలో కలిపినా ఒళ్లు పెంచే హార్మోను పనిచేయదు. మనం తిన్న పప్పులాగే అదీ కడుపులో అరిగిపోతుంది. ఆ కోడి నలభై రోజులకే రెండు కిలోలు తూగుతుందంటే కారణం జాతి. త్వరగా ఎదిగే వాటిని ఏరి ఏరి, తరతరాలుగా జతకట్టించారు. దానికి తగ్గ మేత పెడతారు. మన నాటుకోడి జాతి వేరు. ఎన్ని పొడులు పోసినా అది బాయిలర్ కాదు. కాస్త ఎక్కువ బరువు కావాలంటే వనరాజాలాంటి పెరటి జాతులు ఉన్నాయి. వాటిని హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారు చేశారు.

భయపడవలసింది హార్మోనుకు కాదు. మా అమ్మ వేసిన పొడిలాంటి దానికి. దాని పేరు యాంటీబయాటిక్. సూక్ష్మజీవులను చంపే మందు. మనకు జ్వరం, పుండు, న్యుమోనియా వస్తే డాక్టరు ఇచ్చే మందుల జాతే అది. అది కోడి మేతలోకి ఎలా వచ్చిందో వినండి. ఇందులో మన తెలుగువాడి పేరు కూడా ఉంది.

మన పక్క భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు పెద్దగా పనిచేశారు. అక్కడ ఆరియోమైసిన్ అనే గొప్ప మందు దొరికింది. 1948లో లోకానికి తెలిపారు. అదే ఏడు సుబ్బారావు గారు చనిపోయారు. ఆ మందు తీశాక మిగిలిన పిప్పిని అదే కంపెనీలో కోడిపిల్లలకు మేతలో పెట్టి చూశారు. దానిలో ఒక విటమిన్ ఉంటుందని వాళ్ల ఆలోచన. పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగాయి. కారణం వెతికితే, పిప్పిలో మిగిలిన మందు అని తేలింది. 1950లో ప్రకటించారు. అప్పటి నుంచి లోకమంతా కోళ్లకు, పందులకు రోగం లేకపోయినా రోజూ కొంచెం కొంచెం మందు మేతలో కలపడం మొదలుపెట్టింది.

మరి తప్పేమిటి? కోడి పెరిగింది కదా అంటారు. పొలం సంగతి చెబితే మీకు వెంటనే అర్థమవుతుంది. వరికి సుడిదోమ పడితే మొదట్లో ఒక్క పిచికారీకే పోయేది. కొట్టగా కొట్టగా దోమ ఆ మందుకు అలవాటు పడింది. ఇప్పుడు ఆ మందు నీళ్లతో సమానం. కోడి కడుపులోని సూక్ష్మజీవులూ అంతే. రోజూ కొంచెం మందు తగిలితే బలహీనమైనవి చస్తాయి. మొండివి మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి. అవి పెంటలోకి వస్తాయి. పెంట పొలానికి, కాలవకు వెళుతుంది. మనం కోడిని కోసిన చేతులతో పిల్లకు అన్నం కలుపుతాం. అలా మొండి క్రిములు మనిషిలోకి వస్తాయి. రేపు పిల్లకు జబ్బు చేస్తే డాక్టరు మందు ఇస్తాడు. అది పనిచేయదు. ఇంకో మందు ఇస్తాడు. అదీ పనిచేయదు.

ఈ ప్రమాదం చూసి స్వీడన్ దేశం 1986లోనే ఎదుగుదల కోసం ఈ మందులు మేతలో కలపడాన్ని ఆపింది. 2006 నుంచి యూరపు దేశాల కూటమి అంతా ఆపింది. మన దేశంలో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు, వాటి మేతలో వాడకూడదని 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రిలో మనిషికి చివరిగా ఇచ్చే మందు అది. అలాంటిది కోడి బరువు కోసం వాడేశారు.

కాబట్టి ప్యాకెట్ కొనేముందు తిప్పి చూడండి. గడువు తేదీ అంకెల్లో ఉంటుంది. అంకెలు మీకు వచ్చు. 06/2024 అంటే 2024 జూన్. ఆ నెల దాటిందో లేదో మీరే చెప్పగలరు. మందు పేరు ఇంగ్లీషులో ఉంటే బడికి వెళ్లే పిల్ల చేత చదివించండి. పేరు చివర 'సైక్లిన్' అనో, 'మైసిన్' అనో, 'ఫ్లాక్సాసిన్' అనో వినపడితే అది రోగం మందే. "ఎదుగుదలకు" అని ఎవరు చెప్పినా తీసుకోవద్దు. కోడికి నిజంగా జబ్బు చేసి పశువుల డాక్టరు రాసిస్తే, చెప్పినన్ని రోజులు వాడండి. ఆ తరువాత ఎన్ని రోజుల దాకా గుడ్డు, మాంసం తినకూడదో, అమ్మకూడదో అడగండి. అడగకపోతే చాలామంది చెప్పరు. విటమిన్లు, ఖనిజ లవణాలు అని ఉంటే భయం లేదు. కొలత చూసి కలుపుకోవచ్చు.

బూజు సంగతి చెప్పకుండా వదలను. వానాకాలంలో మన ఇళ్లలో ఏదీ పొడిగా ఉండదు. బూజు పట్టిన చెక్క, మొక్కజొన్న మనం తినలేక కోళ్లకు వేస్తాం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. మొదట రోగమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి మేతలోని వేరుశనగ చెక్కకు పట్టిన బూజులో విషం ఉందని తేలింది. దాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. ఎండబెట్టినా, కడిగినా, ఉడికించినా అది పోదు. కాలేయాన్ని తింటుంది. బూజు మేత పారవేయండి, బాధపడకండి. చెక్కను నేల మీద పెట్టకుండా బల్ల మీద పెట్టండి. తవుడు కూడా కొద్దికొద్దిగానే తెచ్చుకోండి. దానిలో నూనె ఉంటుంది, కొన్ని రోజులకే ముక్కిపోతుంది. వాసన చూస్తే మీ ముక్కే చెబుతుంది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా "ఈ పొడి కలిపితే రాదు" అనే మాటలు మన దాకా వచ్చాయి. నమ్మవద్దు. కోళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా చస్తే వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. చచ్చినవాటిని కాలవలో వేయకండి. కూర వండకండి.

మా అమ్మ దగ్గర ఆ రోజు రెండు పెట్టలు మిగిలాయి. ఇప్పుడు పద్నాలుగు కోళ్లు ఉన్నాయి. అన్నిటికీ టీకాలు పడ్డాయి. అమ్మ కూడా రాత్రిబడికి వెళుతోంది. మొన్న దుకాణంలో ప్యాకెట్ తిప్పి, తేదీ మీద వేలు పెట్టి, "ఏం నాయనా, ఇది పోయిన ఏడుదే" అన్నదట. దుకాణం అతను ఇంకొకటి తీసి ఇచ్చాడట. అమ్మ దాన్నీ తిప్పి చూసిందట.

వచ్చే శనివారం మీ ఇళ్లలో ఉన్న పాత ప్యాకెట్లు, సీసాలు, కాగితాలు తీసుకురండి. కోళ్లవైనా సరే, గేదెలవైనా సరే, పిల్లల దగ్గు మందువైనా సరే. ఖాళీవైనా ఫర్వాలేదు. అన్నీ మధ్యలో పోసుకుని చదువుదాం.